చిక్కిపోయిన సాతాను

“మూత తియ్యకండి రాజుగారూ, మీకు పుణ్యముంటుంది,” అన్నాడు మత్తయి, తువ్వాలుతో ముక్కు మూసుకుని.

అబ్బాయిరాజు అప్పటికే క్యారేజీ మూత తీసేశాడు. కొరమేను పులుసు. ఆయన భార్య సూర్యకాంతం చేతిది. ఆ వాసనకి కొల్లేట్లో కొంగలు కాలు మార్చుకుని నిలబడ్డాయంటే మండవల్లిలో ఎవరూ కాదనరు.

“ఒక్క ముక్కండీ. తోక దగ్గరిది. అదసలు చేప కిందికే రాదు.”

“శ్రమదినాలండీ. ఈస్టరు దాకా చేప ముట్టనని చర్చిలో లేచి నిలబడి మరీ చెప్పాను.”

“ఎవరు చెప్పమన్నారు?”

ఇంట్లో భార్య హన్నమ్మా అదే అడిగింది. చర్చిలో ఒకరు కాఫీ మానేస్తామన్నారు, ఒకరు టీవీ మానేస్తామన్నారు. సంఘపెద్ద అయ్యుండి అంతకన్నా తక్కువ ఏం చెబుతాడు? చేప లేనిదే ముద్ద దిగని మత్తయి ఆ చేపనే దేవుడి ముందు పెట్టేశాడు. కూర్చున్నాకగాని తనేమన్నాడో తనకి తెలియలేదు. ఇప్పుడు మాట తప్పితే పాస్టరుగారికి సరే, పైవాడికి ఏ ముఖం చూపిస్తాడు?

మత్తయి చేపల చెరువుకి పక్క చెరువే అబ్బాయిరాజుది. గట్టు మీద పాకలో ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే క్యారేజీలోంచి తిన్నవాళ్ళు. అటువంటివాడు వెళ్ళి సాతాను పార్టీలో చేరతాడని మత్తయి కలలో కూడా అనుకోలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి క్యారేజీ రావడం, మూత తియ్యడం, మత్తయి కళ్ళు మూసుకుని “శోధనలోకి తేకుము” అంటూ గోంగూర ముద్ద మింగడం. ఓసారి పులుసులో చింతచిగురు వేయించి తెచ్చాడు. ఓసారి బొమ్మిడాయిలు. వచ్చిన క్యారేజీ వచ్చినట్టే తిరిగెళ్ళింది.

చిత్రమేమిటంటే, మత్తయి గట్టిపడేకొద్దీ అబ్బాయిరాజు నీరసించిపోతున్నాడు. చొక్కా వదులైంది. బుగ్గలు లోపలికి పోయాయి.

“రాజుగారు బాగా చిక్కిపోయారండీ,” అంది హన్నమ్మ.

“చిక్కడూ మరి? మనం మోకాళ్ళేసి ప్రార్థన చేస్తుంటే శోధకుడికి తిండి వంటబడుతుందా?” అని మీసం దువ్వాడు మత్తయి.

మంచి శుక్రవారం నాడు అబ్బాయిరాజు ఏకంగా చేతులు జోడించాడు.

“మీ దేవుడు దయగలవాడంటారు కదండీ. ఒక్క ముక్కకి క్షమించడా?”

“క్షమిస్తాడండీ. అందుకే అడగబుద్ధి కావట్లేదు.”

అబ్బాయిరాజు క్యారేజీ కేసి ఓసారి, మత్తయి కేసి ఓసారి చూసి, నిట్టూర్చి వెళ్ళిపోయాడు.

ఈస్టరు తెల్లవారుజాము ఆరాధన అవగానే మత్తయి తెల్లబట్టలతోనే రాజుగారింటికి నడిచాడు. ఓడిన సాతానుని కళ్ళారా చూసి రావాలి కదా. అబ్బాయిరాజు పీటలు వాల్చాడు. సూర్యకాంతం రెండు కంచాల్లో పులుసు వడ్డించింది.

మత్తయి ప్రార్థన ఎత్తుకున్నాడు. దేవుణ్ణి స్తుతించి, పనిలో పనిగా తననీ కాస్త పొగుడుకుని, కొల్లేరు మీదుగా ఏలూరు దాకా అందరినీ దీవించుకుంటూ పోతుంటే, పక్కనుంచి మోచెయ్యి తగిలింది.

“ఆమెన్ అనేద్దురూ, మీకు దణ్ణం పెడతాను,” అన్నాడు అబ్బాయిరాజు.

“ముప్పూటలా తినే మనిషికి ఏం తొందరండీ?”

సూర్యకాంతం గరిటె పక్కన పెట్టి నవ్వింది.

“మీరు తినేదాకా తనూ చేప ముట్టనని ఈయన ఒట్టు పెట్టుకున్నారు అన్నయ్యగారూ.”