నాలుగు, ఏడు, పదకొండు

ఆదివారం సాయంత్రం నాలుగూ పదికి గుర్రప్పందేల సైట్ పడిపోయింది. హాంకాంగ్‌లో సగం మంది ఫోన్లలో ఒక చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆగలేదు.

షాంషుయ్‌పో పేటలోని ఒక కుడుముల హోటల్లో మొదటి కేక మూడో బల్ల దగ్గర లేచింది. అక్కడి పెద్దాయన పాత రేడియోను కొట్టినట్టు ఫోన్‌ను రెండుసార్లు బల్లకు కొట్టి చూశాడు. పక్కాయన సర్వర్‌ని పిలిచి, మీ హోటల్లో కాలు పెట్టాకే ఇలా అయింది కాబట్టి టీకి డబ్బులివ్వనన్నాడు. మిగిలినవాళ్ళు వీధి చివర పందేల కౌంటరుకు పరుగెత్తారు. అక్కడి క్యూ అప్పటికే మందుల కొట్టు దాటి మలుపు తిరిగింది.

వంటింట్లో మాక్ కత్తి పక్కన పెట్టాడు.

“అన్నా! వేశావా, లేదా?”

ఆవిరి బుట్టల దగ్గర సెటో ఫోన్ చూసుకుంటున్నాడు.

“తిరుగుతోందిరా.”

“ఏంటి తిరిగేది?”

“చక్రం.”

ఆ వంటింట్లో ముగ్గురిది ఉమ్మడి పందెం. మాంసం తరిగే మాక్, గిన్నెలు తోమే ఫూన్ అక్క, కుడుములు ఆవిరి పట్టే సెటో. ఆదివారం ఆఖరి పందెంలో నాలుగు, ఏడు, పదకొండు నంబర్ల గుర్రాలు మొదటి మూడు స్థానాల్లోకి రావాలి. ఏది ముందైనా సరే, ఆ వారం ఆ నంబర్లు ఏ గుర్రాలకు పడినా సరే. కొసరుగా, నాలుగో నంబరు ఒక్కటే మొదటి మూడింట్లోకి వచ్చినా కాస్త ముట్టేలా ఇంకో చిన్న పందెం. ఆరేళ్ళుగా ఇదే వరస. ఆ కాస్త ముట్టినప్పుడల్లా సెటో కాల్చిన బాతు తెచ్చేవాడు.

పందెం వేసే పని సెటోకి అప్పగించడంలో ఎవరికీ రెండో ఆలోచన రాలేదు. గుర్రాల మీద ఒక టాక్సీ లైసెన్సునూ ఒక భార్యనూ పోగొట్టుకున్న మనిషి. అంత అనుభవం ఆ వీధిలో ఇంకెవరికీ లేదు. ప్రతి ఆదివారం సందులో గ్యాస్ సిలిండర్ల పక్కన ఫోన్ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడి, లోపలికొచ్చి బొటనవేలు పైకెత్తేవాడు. ఆ రెండు నిమిషాలూ ఎవరూ అతని దగ్గరికి పోయేవారు కాదు. పందెం వేసేవాడి భుజం తాకితే అదృష్టం అక్కడికక్కడే రాలిపోతుంది మరి.

ఇవాళ బొటనవేలు లేవలేదు.

“నేను కౌంటరుకు పోతా,” అంటూ మాక్ ఏప్రాన్ విప్పాడు.

యజమాని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆరింటికి పన్నెండు బల్లల విందు ఉంది, ఎవరి బిడ్డకో నెల నిండిందట. “కాలు బయట పెట్టావంటే మళ్ళీ లోపల పెట్టక్కర్లేదు.”

ఐదూ నలభైకి రేడియోలో ఆఖరి పందెం ముగిసింది. పదకొండు, నాలుగు, ఏడు.

మూడూ ఎవరూ పట్టించుకోని గుర్రాలే. అందుకే వచ్చే డబ్బు కళ్ళు తిరిగేంత ఉంది. మాక్ పిండి బల్ల మీద వేలితో లెక్క వేశాడు. ఫూన్ అక్క మోకాలి ఆపరేషన్‌కి సర్కారు ఆసుపత్రిలో వంతు రావాలంటే ఇంకా మూడేళ్ళు పడుతుంది. ఈ డబ్బుతో ప్రైవేటులో వచ్చే నెలే చేయించుకోవచ్చు.

“రెండు మోకాళ్ళకీ సరిపోయేదక్కా,” అని, పిండిలోని ఆ లెక్కను అరచేత్తో చెరిపేశాడు.

సెటో బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. ఫూన్ అక్క కుంటుకుంటూ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

“పందెం అయిపోయిందిగా, ఇప్పుడు తాకొచ్చులే.”

“అక్కా, నేను...”

“నోర్ముయ్. సైట్ పడిపోతే నువ్వేం చేస్తావు తమ్ముడూ? మూడేళ్ళెంత, ఇట్టే గడిచిపోతాయి.”

అప్పటిదాకా ఆపుకున్న సెటో భోరుమన్నాడు. ఆరేళ్ళలో తన గురించి అంతగా ఏడ్చిన మనిషిని చూడలేదని ఫూన్ అక్క కూడా కళ్ళు ఒత్తుకుంది. మాక్ మాత్రం తన కళ్ళలో నీళ్ళు ఉల్లికాడల ఘాటుకన్నాడు.

సోమవారం నాటికి ఊళ్ళో ప్రతివాడూ ఆ మూడు గుర్రాల మీదే వేయబోయి ఆగిపోయినవాడే. మూడో బల్ల పెద్దాయనకైతే వాటి పేర్లు వారం ముందే కలలో వచ్చాయట. గొడవ ముదిరి, మధ్యాహ్నానికి పందేల కంపెనీ దిగొచ్చింది. ఆ ప్రకటనను మాక్ వంటింట్లో గొంతెత్తి చదివాడు. పది వారాలు వరసగా ఒకే నంబర్ల మీద వేసినవారు ఫోన్ చేస్తే చాలు. నిన్న కూడా వేసినట్టే భావించి పూర్తిగా చెల్లిస్తారు.

“పది వారాలట! మనది ఆరేళ్ళన్నా!”

“వాళ్ళ మాటలు నమ్ముతావేంట్రా,” అన్నాడు సెటో. రాత్రంతా నిద్ర లేక అతని కళ్ళు ఉబ్బి ఉన్నాయి. “పోయిందేదో పోయింది. వదిలెయ్.”

“నీకు మొహమాటం ఎక్కువన్నా. మన డబ్బు మనం అడగడానికేంటి?”

ఫూన్ అక్క అప్పటికే ముక్కాలిపీట మీద కూర్చుని, ప్యాంటు పైకి మడిచి, తన మోకాలిని సాగనంపుతున్నట్టు చూసుకుంటోంది. సెటో ఆ మోకాలిని చూశాడు.

మాక్ అతని ఫోన్ లాక్కుని నంబరు నొక్కి, స్పీకర్ పెట్టాడు. నలభై నిమిషాలు సంగీతం వచ్చింది. రెండు వాయిల కుడుములు ఉడికాయి. చివరికి ఒక అమ్మాయి పలికింది. సెటో ఖాతా నంబరును ఒక్కొక్క అంకే కూడబలుక్కుంటూ చెప్పాడు. ఆఖరి అంకె మాక్ రెండుసార్లు అడిగితే గానీ నోట రాలేదు.

అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు. ఫూన్ అక్క తడిచేతులు జోడించింది.

“సెటో గారూ,” అంది ఆ అమ్మాయి నొచ్చుకుంటూ, “ఇది ఏడేళ్ళ కిందట మీరే స్వయంగా వచ్చి, నేను కాళ్ళావేళ్ళా పడి బతిమాలినా సరే ఇక నా దగ్గర ఒక్క పందెం కూడా తీసుకోవద్దని రాసిచ్చి మూయించుకున్న ఖాతా కదండీ?”