మూడు బంతులు

“కూతురు కనబడక మూడు రోజులైంది. నువ్వు ఫోన్లో బంతాట ఆడుతున్నావా?”

సాంబమూర్తి అరుపుకి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ వార్డెన్ రాధమ్మ ఆఫీసు తలుపు దగ్గరికేసింది. “జర మెల్లగ సార్. పోలీసులు ఎతుకుతనే ఉన్నరు గదా.”

అమల తలెత్తలేదు. తెర మీద బంతి చివరి ఇటుకకి తగలకుండానే కిందికి జారిపోయింది.

“బంతులన్నీ అయిపోయాయి,” అంది భర్తతో.

“ఈ దిక్కుమాలిన ఆట వల్లే దానికి ర్యాంకు రాలేదు. అందుకే నా గుమ్మం తొక్కొద్దన్నాను.”

“నాకీ ఆట నేర్పింది మన తన్మయేనండీ. మీకు తెలీకుండా రోజూ ఇద్దరం ఆడేవాళ్ళం. నా బంతులు అయిపోతే అడిగేదాన్ని, అది పంపేది.” అమల మళ్ళీ ‘తన్మయిని అడుగు’ అన్నచోట నొక్కింది. “పొద్దుట్నుంచి ఇది పదకొండోసారి.”

“స్విచాఫ్ చేసిన ఫోన్‌ని అడిగితే ఏం లాభమే?”

“ఎప్పుడో ఒకసారి ఆన్ చేస్తుందిగా. మన ఫోన్ ఎత్తదు. నేను ఆడలేకపోతున్నానంటే మాత్రం ఊరుకోదు.”

సాంబమూర్తి కుర్చీలో కూలబడి మొహం కప్పుకున్నాడు.

అమల చేతిలో ఫోన్ టింగుమంది.

‘తన్మయి మీకు మూడు బంతులు పంపింది.’

“పిల్ల మంచిగనే ఉన్నది సార్!” రాధమ్మ గబగబా స్టేషన్‌కి ఫోన్ కలిపింది.

అమల ఫోన్‌ని గుండెకి అదుముకుని ఏడుస్తోంది. సాంబమూర్తి తన ఫోన్ తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

“దీంట్లో కూడా ఆ ఆట ఎక్కించవే. నేనూ అడుగుతాను.”