కుళాయి పిల్ల

"గ్లిజరిన్ వద్దు. కెమెరా ముఖం మీదికి వెళ్తోంది, దొంగ కన్నీళ్ళు ఇట్టే తెలిసిపోతాయి," అన్నాడు దర్శకుడు. "మన కుళాయి ఏది?"

అందరూ నవ్వారు. కుర్చీలో కాళ్ళూపుతూ కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్ల మాత్రం నవ్వలేదు.

ఆ పేరు టీవీ సీరియల్ వాళ్ళు పెట్టింది. ఐదో ఏట సబ్బు ప్రకటనలో నవ్వింది. ఆరో ఏట సీరియల్లో ఏడ్చింది. నవ్వు ఎవరికీ గుర్తులేదు గానీ ఏడుపు మాత్రం ఇంటింటికీ పాకింది. తిప్పడమే ఆలస్యం, ధార కట్టేది. తిప్పే చెయ్యి అమ్మది. షాట్‌కు ముందు వచ్చి చెవిలో ఏదో ఒకటి ఊదేది. పెంచుకున్న పిల్లికూన లారీ కింద పడిందనేది. అమ్మమ్మనైతే మూడుసార్లు చంపింది. షాట్ అయ్యాక బుగ్గ గిల్లి, "ఉత్తిదేలే, మొద్దూ!" అనేది.

లిఫ్టులు బాగుచేసే నాన్నకు ఇదంతా నచ్చేది కాదు. కానీ అమ్మ ముందు నోరెత్తే మనిషి కాదాయన. సాయంత్రం కూతురి బూట్లు విప్పుతూ గుసగుసగా అడిగేవాడు.

"ఇవాళ ఎవర్ని చంపిందే మీ అమ్మ?"

పిల్ల చెప్పేది. ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు.

అలా నవ్వీ నవ్వీ పిల్లకు భయం పోయింది. భయంతోపాటు కన్నీళ్ళూ పోయాయి. రెండు నెలలుగా అమ్మ ఎవర్ని చంపినా కన్ను చెమర్చడం లేదు. సీరియల్లో వేషం చిక్కి సగమైంది. అంతలో దేవుడిచ్చినట్టు ఈ సినిమా. పెద్ద హీరోకు కూతురి వేషం. అతను చచ్చిపోతే మీద పడి ఏడవాలి. హీరో మళ్ళీ ఆర్నెల్లదాకా దొరకడు.

పొద్దున్నుంచీ ఆరు టేకులయ్యాయి. ఒక్క చుక్క రాల్లేదు. మేకప్ గది గుమ్మంలో ఇంకో పిల్లను తెచ్చి నిలబెట్టారు. అదే రంగు గౌను, అదే రిబ్బను.

"ఏమ్మా, ఆఖరిసారి అడుగుతున్నా," అన్నాడు దర్శకుడు. "మీ అమ్మాయి చేస్తుందా, ఆ అమ్మాయిని పిలవమంటారా?"

"చేస్తుంది సార్. రెండే రెండు నిమిషాలు."

అమ్మ కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఈసారి చెవిలో కాదు, ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"మీ నాన్న పోయాడే."

అమ్మ పెదాల చివర నవ్వు దాగుందేమోనని పిల్ల వెతికింది. లేదు. ఎంతమందిని చంపినా అమ్మ నాన్న జోలికి ఎప్పుడూ పోలేదు. పైగా ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"ఈవిడక్కూడా ఓ వేషం ఇచ్చెయ్యండి సార్," అన్నాడు కెమెరామన్ మెల్లిగా.

పిల్ల గడ్డం వణికింది. "నాన్నా!" అంటూ వెళ్ళి హీరో గుండెల మీద పడింది. చొక్కా పట్టుకుని కుదిపింది. గొంతు జీరపోయేదాకా పిలిచింది. శవంలా పడుకున్న హీరో తట్టుకోలేక పళ్ళు బిగబట్టాడు. లైట్ల దగ్గరివాళ్ళు ముక్కులు తుడుచుకున్నారు.

"ఓకే!"

చప్పట్లు మోగాయి. పిల్ల వెక్కిళ్ళు ఆగలేదు. తర్వాత తియ్యాల్సింది కథలో హీరో బతికున్నప్పటి షాట్. అతను పైకెగరేసి పట్టుకుంటుంటే నవ్వాలి. అమ్మ పరుగున వచ్చి బుగ్గ గిల్లింది.

"ఉత్తిదేలే, మొద్దూ!"

అప్పుడు చూడాలి ఆ నవ్వు! పోయిన ప్రాణం లేచొచ్చిన నవ్వు. ఒక్క టేకుకే అయిపోయింది. గుమ్మంలో పిల్ల గౌను విప్పి ఇచ్చేసి వెళ్ళిపోయింది. దర్శకుడు తన తర్వాతి సినిమాకు కూడా అప్పటికప్పుడు మాటిచ్చాడు.

కంపెనీ కారులో అమ్మ కూతురి ముఖానికున్న రంగు దూదితో తుడవసాగింది.

"ఇంటికెళ్ళాక కడుక్కుంటాలేమ్మా."

"కదలకు. ఇక్కడే తుడవనీ."

"ఉండు, నాన్నతో చెబుతా నీ పని!" అంది పిల్ల కిలకిలలాడుతూ.

అమ్మ ఇంకో దూది ఉండ తీసుకుంది.

కారు వీధి మలుపు తిరిగేసరికి, లిఫ్టు గోతిలో పడి అన్నయ్య చనిపోయాడని పొద్దున్న పదింటికే అమ్మకు ఫోన్‌లో చెప్పిన బాబాయి, శవాన్ని ఇంటిముందు పడుకోబెట్టుకుని వాళ్ళిద్దరి కోసం ఎదురుచూస్తున్నాడు.