దేవవ్వ దవడ కట్టు

సోమవారం పొద్దున ఏడు గంటలకు, బెల్లంపల్లి పాత క్వార్టర్ల నల్లా దగ్గర దేవవ్వ దవడ జారింది.

చూసినవాళ్లు ఉన్నారు గానీ సాయం చేసినవాళ్లు లేరు. కిరాణం ఓంప్రకాశ్ సేటు గల్లా మీద కూర్చుని ఎట్లా ఆవులిస్తాడో దేవవ్వ అప్పుడు చేసి చూపిస్తోంది. తెరిచిన నోరు మూతపడలేదు. ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు.

"అచ్చం సేటే! ఇంకోపారి జెయ్యి దేవవ్వా," అంది పక్కింటి దెబోరా.

దేవవ్వ చేతులు ఊపింది. అదీ ఆటలో భాగమే అనుకున్నారు. చొంగ కారి రవిక తడిశాక దెబోరా బిందె కింద పెట్టి, దేవవ్వ మొగుడు అంతయ్యను పిలవడానికి పరుగెత్తింది.

అంతయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు. పెళ్లాన్ని ఆటోలో ఎక్కించుకుని మంచిర్యాల పోయాడు. వాళ్ల కాపురంలో ఆమె అంతదూరం మాట్లాడకుండా కూర్చోవడం అదే మొదలు.

పళ్ల డాక్టరు సృజన ఎక్స్‌రే తీసింది. చెవి ముందు వేలు పెట్టి నొక్కి చూసింది.

"దవడ కీలు గుంటలకెల్లి జారింది తాతా. ఇంతకుముందు నమిలేటప్పుడు టక్కుటక్కుమని సప్పుడొచ్చేదా?"

"మక్క కంకి తింటే పక్క అర్రల ఉన్న నాకు ఇనవడేది."

"మరి అప్పుడే ఎందుకు తీసుకరాలే?"

"దాని నోట్లకెల్లి సప్పుడు వచ్చుడు మాకు కొత్తనా డాక్టరమ్మా?"

దేవవ్వ నోరు తెరుచుకునే అంతయ్య వైపు గుడ్లురిమింది.

డాక్టరు బొటనవేళ్లకు గుడ్డ చుట్టుకుంది. వాటిని కింది దవడపళ్ల మీద పెట్టి, కిందికి నొక్కి వెనక్కి నెట్టింది. కీలు గుంటలో పడింది. తరవాత గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా కట్టు కట్టింది.

"కీలు వదులైంది. మాట్లాడొద్దు, నోరు పెద్దగ తెరవొద్దు, మెత్తగ తినాలె. కాపడం పెట్టాలె. మల్లమల్ల జారితే ఆపరేషన్ దాకా పోతది. రెండు వారాలకు రాండ్రి."

క్వార్టర్లలో దేవవ్వ చెప్పేది అందరూ వింటారు. దేవవ్వకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. చెబితే సాయంత్రానికి బజారు కొస దాకా పోతుంది. ఆమె వస్తుంటే మాట మార్చి వానల గురించి మాట్లాడుకునేవారు.

కట్టుతో ఆ లెక్క మారింది. మొదట ఎదురింటి కోడలు ప్రవళిక వచ్చి గడప మీద కూర్చుంది.

"అవ్వా, నీకైతే చెప్పొచ్చు. నువ్వు ఎవ్వలకు జెప్పేటట్టు లేవు గద," అని అంతయ్యను చూసి ఆగింది.

అంతయ్య చెప్పులేసుకుని చాయ్ హోటల్‌కు పోయాడు. తిరిగొచ్చేసరికి ప్రవళిక ముక్కు తుడుచుకుంటోంది. దేవవ్వ ఆమె వీపు నిమురుతోంది.

మరునాడు దెబోరా వచ్చింది. "అన్నా, జర బయటికి పో. నీ చెవుల పడ్డదంటే హోటల్ల మైకు వెట్టినట్టే," అంది.

ఆ వారంలోనే ఓంప్రకాశ్ సేటు వచ్చాడు. ఆవులింత సంగతి తేల్చుకోవడానికి వచ్చాడని అంతయ్య భయపడ్డాడు. సేటు తలుపు దగ్గరికి వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. పోతూ పోతూ అంబలిలోకి బెల్లం ఇచ్చి పోయాడు.

"ఏం జెప్పిండే సేటు?" అన్నాడు అంతయ్య.

దేవవ్వ కట్టు చూపించింది.

"సైగ జెయ్యరాదు?"

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

రెండు వారాలకు మంచిర్యాల పోయారు. అంతయ్య వెంట లేవబోతే దేవవ్వ భుజం పట్టి కూర్చోబెట్టి, ఒక్కతే లోపలికి పోయింది. కట్టుతోనే బయటికి వచ్చింది. రెండు వేళ్లు చూపించింది.

"ఇంక రెండు వారాలా?"

ఆమె తల ఊపింది. తరవాతిసారీ రెండు వేళ్లే. ఆ పైసారీ అంతే.

ఇంట్లో అంతయ్యకు తోచకుండా పోయింది. ఒకనాడు ఉప్పు వేయకుండా అంబలి కాచి ముందర పెట్టాడు.

"ఎట్లున్నదే? బాగలేకుంటే తిట్టు. ఒక్క తిట్టు చాలు."

దేవవ్వ గిన్నె ఖాళీ చేసింది. బొటనవేలు లేపి, బాగుందని చూపించింది.

ఆ రోజే అంతయ్యకు అనుమానం గట్టిపడింది. కీలు అతకలేదు. ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పి ఉంటుంది. తను పరేషాన్ అవుతాడని దేవవ్వ దాస్తోంది. హోటల్లో వెంకటిని అడిగితే, "మా మేనమామకు గట్లనే మొదలైంది. చచ్చేదాక మాట రాలే," అన్నాడు.

మరునాడు పింఛను పని ఉందని చెప్పి అంతయ్య ఒక్కడే మంచిర్యాల బస్సెక్కాడు.

"డాక్టరమ్మా, దాపెట్టకుండ చెప్పు. ఆపరేషన్ జెయ్యాల్నా?"

"ఎవలకు తాతా?"

"మా దేవవ్వకు. ఎన్నిసార్లు తోలుకొచ్చినా కట్టు దిగకపాయె. ఇంట్ల గడియారం సప్పుడు తప్ప ఇంకోటి లేదు. నన్ను తిట్టినా మంచిదే, దానికి మాట రావాలె."

డాక్టరు చేతి గ్లౌజులు తీసింది.

"కీలు మంచిగ కూసుంది తాతా. కట్టు ఇప్పెయ్యుమని మొదటి రెండు వారాలకు చూపెట్టడానికి వచ్చిన్నాడే చెప్పిన."

అంతయ్య కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"మరి రెండు వారాలకోపారి మీ దగ్గరికి ఎందుకొస్తుంది?"

"మాట్లాడెటందుకు."