మూరెడు మల్లెపూలు

తాజ్‌బీ మూరెడు మల్లెపూలు తెచ్చి కోడలి ముందర పెట్టింది. తలల పెట్టుకొమ్మని కాదు. రొమ్ముల మీద కట్టుకుంటే పాలు ఇంకిపోతయని.

"నీ పాలు చెడినయి దుల్హన్! పిల్లగాని నాలిక చూడు, ఎట్ల తెల్లగైందో. రొమ్ము నోట్ల పెట్టంగనే మొత్తుకుంటుండు. వాకిట్ల మేకను కట్టేసిన. ఇగ వానికి మేకపాలే."

సయీదా గుండెల్ల రాయి పడ్డది. తొలిచూలు కొడుకాయె. వాణ్ని రొమ్ముకు దూరం చేసుకొని బతుకుడెట్ల? ఏడ్సుకుంట మొగుని దిక్కు చూసింది.

"జర ఆగు అమ్మా, దవాఖానల చూపించుకొస్త" అన్నడు మహబూబ్. అప్పటికప్పుడు బండి కట్టి, తల్లీబిడ్డలను వనపర్తికి తోలుకపోయిండు. పొద్దుగూకే యాళ్లకు చిన్న సీస పట్టుకొని తిరిగొచ్చిండు.

"పాలకేం కాలేదంట అమ్మా. దీన్ని నోటిపూత అంటరంట. పాల మరక అయితే తుడిస్తే పోతది, ఇది పోదు. ఈ మందు పిల్లగాని నోట్ల పూయాలె, సయీదా రొమ్ముకు గూడ పూయాలె. పాలు మాత్రం మాన్పొద్దన్నడు డాక్టరు. పెద్దోళ్లకు గూడ వస్తదంట. ఇంట్ల ఎవరికన్న నోట్ల మంట ఉంటే వాళ్లు గూడ పూసుకోవాలె. లేకుంటే ఒకరి నోట్ల నుంచి ఇంకొకరికి తిరుగుతనే ఉంటదంట."

సీస మూత తీస్తే ముదురు ఊదా రంగు.

"తౌబా తౌబా! నా మనుమని నోట్ల రంగు పోస్తరా? మా నోళ్లకేమైంది? పాలే చెడినయి!" అని లేచింది తాజ్‌బీ. ఆమె లేచి మాట్లాడితే ఊరి ఖిల్లా మీది కోతులు గూడ చెవులు రిక్కిస్తయి. ఏడుస్తున్న మనుమణ్ని ఒళ్లకు గుంజుకొని, ఎప్పటి లెక్కనే వేలు తన నోట్ల తడిపి, తేనెల ముంచి, వాని నాలికకు రాసింది.

"శుక్రారం, జుమ్మా దాకా చూస్త. అప్పటికి గూడ వీడు పాలు పట్టకపోతే తాజా పూలు తెచ్చి నా చేతులతోనే కడ్త" అన్నది.

తెల్లారినంక ఏమైందో ఏమో, తాజ్‌బీ నోరు మూతపడ్డది. కొంగు మూతికి అడ్డం పెట్టుకొని కుక్కిన పేను లెక్క ఉన్నది. కారం ముట్టలేదు, మజ్జిగన్నమే తిన్నది. తేనె గిన్నె దిక్కు గూడ చూడలేదు.

"మందు పూస్తున్నమని అమ్మీ అలిగింది" అని సయీదా పరేషాన్ అయింది.

"అలగనీ. తిట్లు తప్పినయి గద!" అన్నడు మహబూబ్. "గని ఈ సీసల మందేంది, ఇంత జల్ది తగ్గుతుంది? నువ్వు ఒంపుతున్నవా ఏంది?"

"నేనెందుకు ఒంపుత?" అన్నది సయీదా.

జుమ్మా రానే వచ్చింది. పొద్దుగాల సయీదా భయం భయంగ కొడుకును రొమ్ముకు హత్తుకున్నది. వాడు ఏడ్వలేదు. ఊదా మూతితోని చప్‌చప్‌మని గుంజి తాగబట్టిండు. సయీదాకు సంతోషం పట్టలేదు, కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

అప్పుడే వచ్చింది తాజ్‌బీ. చేతుల తాజా మల్లెపూలు!

"తాగుతుండు అమ్మీ! నీ కాళ్లు మొక్కుత, ఇగ పూలెందుకు?" అని సయీదా కొడుకును ఇంకింత గట్టిగ అదుముకున్నది.

తాజ్‌బీ మూతి మీది కొంగు తీయలే. కోడలి వెనకకు పోయి కూసున్నది. జడ సర్ది, ఆ మల్లెపూలు తలల ముడిసింది.

సయీదా జడను తడిమి చూసుకున్నది. అత్త ఎన్నడన్న తన జడ ముట్టిందా? అప్పుడే మహబూబ్ లోపలికి వచ్చిండు. దొంగచాటుగ కొడుకును ఎన్నిమాట్ల ముద్దాడిండో, చెంపలు, మీసాలు అన్ని ఊదా మరకలే.

"ఏందమ్మా, అలక తీరిందా?" అన్నడు.

కొడుకు మొఖం చూసి తాజ్‌బీ ఇగ ఆపుకోలేకపోయింది. కొంగు జారంగ పకపకా నవ్వింది. నవ్వుతున్న ఆ నోరు, నాలిక నుంచి చిగుర్ల దాకా, మనుమని నోటి లెక్కనే ఊదాగున్నది.