సముద్రం రంగు

"ఆ కుంచె కిందికి దించవయ్యా సామీ, నీకు దండం పెడతాం!"

నిచ్చెన మీదున్న మాలకొండయ్య మేస్త్రి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కుంచె కొస నుంచి నీలంరంగు చుక్క ఒకటి కింద గచ్చు మీద పడింది. గేటు దగ్గర చేపలు పట్టే పట్టపుపాళెం జనమంతా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు వాళ్ళ కులపెద్ద, పెద్దకాపు చిన్నపోలయ్య చేతులు జోడించి ఉన్నాడు.

బాల్కనీలో కేన్ కుర్చీలో కళ్ళు అరమోడ్చి కూచున్న వెంకటశేషమ్మకు ఒళ్ళు మండింది. మండదా మరి? మైపాడు ఒడ్డున మొట్టమొదటి స్లాబు మేడ ఆమెది. గుండ్రటి బాల్కనీ, కిటికీల మీద పలకల్లాంటి సన్‌షేడ్లు, ఓడకున్నట్టు గోడలకు గుండ్రటి కిటికీలు. పోయిన కార్తీకంలో తుఫానుకు సిమెంటు పెచ్చులూడిపోతే, మొగుడూ పెళ్ళాలు ఇన్నాళ్ళూ నెల్లూరులో ఉండి, ఎండలు ముదిరాక రిపేర్లకని తిరిగొచ్చారు. పనిలో పనిగా ఇల్లంతా కొత్త ఫ్యాషన్‌లోకి మార్చేయాలని ఆమె పంతం పట్టింది. హాల్లో మొజాయిక్ నేల వేయించింది. నిలబడి వంట చేసుకోవడానికి గట్టు కట్టించింది.

ఇక మిగిలింది బయటి రంగు. అది మాత్రం సముద్రం రంగే కావాలి. పొద్దున్నే లేచి చూస్తే గోడ ఎక్కడ అయిపోయిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియకూడదు. ఇల్లు మెల్లగా తేలుతుండాలి, అందులో తనూ తేలుతుండాలి. ఈ మాట చెబితే ఆమె భర్త పద్మనాభయ్య "తేలేది తెప్పలే, ఇళ్ళు కాదు" అని నవ్వాడు గానీ, మద్రాసు నుంచి రంగు డబ్బాలు తెప్పించి మరీ ఇచ్చాడు.

"ఏంది పోలయ్యా, నా ఇంటికి నేను రంగేసుకోకూడదా?"

"అయ్యో, ఎంతమాటమ్మా! నడి సముద్రంలోంచి చూస్తే మాకు అగపడేది ఈ తెల్లమేడ ఒక్కటే. దీన్ని చూసుకునే మా తెప్పలు ఒడ్డుకొచ్చేది. నీలం పూస్తే నీళ్ళల్లో కలిసిపోతాది. ఇంక మావోళ్ళు యాడికని వస్తారు?"

కలిసిపోవాలనే కదా ఆమె ముచ్చట! ఆ మాటే అనబోయింది. అంతలో జనాన్ని తోసుకుంటూ ఒక పడుచుపిల్ల ముందుకొచ్చింది. ఇంటికి చేపలు తెచ్చే మస్తానమ్మ. కాళ్ళకు పసుపు, నుదుట రూపాయికాసంత బొట్టు, చేతుల నిండా గాజులు. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల. తిన్నగా గోడ దగ్గరికెళ్ళి, మేస్త్రి పూసిన నీలంపట్టీని అరచేతులతో తుడవడం మొదలెట్టింది. చేతులు నీలమయ్యాయి గానీ గోడ తెల్లబడలేదు.

"ఊరుకోమ్మే," అని పోలయ్య ఆమెను వెనక్కి లాగాడు.

వెంకటశేషమ్మ మనసు కరిగిపోయింది. తన ఇంటిని చూసుకుని ఇంతమంది తమ ఇళ్ళు చేరుతున్నారా!

"సరే మేస్త్రీ, సున్నమే కొట్టు," అనేసింది. అని లోపలికెళ్ళి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రంగు కోసం ఏడ్చేవాళ్ళుంటారా అంటే, ఉంటారు. కళ్ళు మూసుకుంటే ఆమెకు ఆ నీలిరంగు ఇల్లు ఇంకా తేలుతూనే కనిపిస్తోంది.

మర్నాడు సున్నం కలపడానికి మస్తానమ్మ పిలవకుండానే వచ్చింది. కూలి ఇస్తానంటే తల అడ్డంగా ఊపింది.

"మీ ఆయన ఎట్టున్నాడే?" అని పలకరించింది వెంకటశేషమ్మ.

"వేటకు పోయుండాడమ్మా," అంది మస్తానమ్మ, తొట్టిలోంచి తలెత్తకుండానే.

సముద్రంవైపు గోడ సగం తెల్లబడేసరికి పద్మనాభయ్య నెల్లూరు నుంచి వచ్చాడు. "నీ సముద్రం ఏమైపోయిందే?" అని అడిగాడు. ఆమె గర్వంగా జరిగినదంతా చెప్పింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పిచ్చిదానా, ఈ మేడ కట్టి పదేళ్ళు కాలేదు. అంతకుముందు వాళ్ళ తాతలు ఇళ్ళు చేరలేదా? వాళ్ళకు గుర్తు ఆ తాటితోపు. నిన్ను భలే బోల్తా కొట్టించారు!"

వెంకటశేషమ్మకు తల కొట్టేసినట్టయింది. నడినెత్తిన ఎండ, కాళ్ళ కింద కాలే ఇసుక. అయినా చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకు వెళ్ళింది. పోలయ్య తెప్ప నీడన కూచుని వల అల్లుతున్నాడు.

"నిజం చెప్పు పోలయ్యా. మీకు గుర్తు మా మేడా, ఆ తాటితోపా?"

పోలయ్య చేతిలో వల ఆగింది. "తాటితోపేనమ్మా."

"మరి ఊరూరంతా కలిసి నాతో అబద్ధమాడతారా? నా కోరిక ఏం పాపం చేసింది మీకు? ఇప్పుడే ఆ సున్నం గీకించి పారేస్తా!"

పోలయ్య మేడవైపు చూశాడు. ఆమె కూడా చూసింది. నిచ్చెన కొసన, మేస్త్రి ఉండాల్సిన చోట మస్తానమ్మ ఉంది. చీర ఎగదోపుకుని సముద్రంవైపు గోడకు సున్నం కొడుతోంది. ఒక్కో కుంచె వేయడం, వెనక్కి తిరిగి నీళ్ళకేసి చూడడం, మళ్ళీ వేయడం.

"మేమైతే తాటితోపు చూసుకుని వచ్చేస్తామమ్మా," అన్నాడు పోలయ్య గొంతు తగ్గించి. "కార్తీకం తుఫానునాడు వేటకు పోయిన దాని మొగుడు ఇంకా రాలేదు. వాడు పోయేటప్పుడు మీ మేడ తెల్లగా ఉండింది."