నాన్న ముక్కు

"కదలకండి," అంటూ డాక్టరమ్మ అమ్మాయి ముక్కు మీద తెల్ల పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టింది. "ఈ బుడిపెకి పైనా కిందా కాస్త జెల్ నింపుతాను. మధ్యలో ఎత్తు తెలియకుండా పోతుంది. కోత లేదు, కుట్టు లేదు. అరగంటలో వెళ్లిపోవచ్చు."

గోడవారన కుర్చీలో కూర్చున్న కళ్లజోళ్లాయన గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్లు కళ్లజోళ్ల దుకాణం నడిపి కిందటేడే మూసేసిన మనిషి. ఆయన ముక్కు మీదా అచ్చంగా అలాంటి బుడిపే, కాకపోతే మరికాస్త పెద్దది. ఇందాక లోపలికి వస్తుంటే నర్సు తండ్రినీ కూతురినీ మార్చి మార్చి చూసి, "ఎవరి తాలూకో అడగక్కర్లేదు" అని నవ్వింది. ఆ ఒక్క మాటకే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఎన్నాళ్లుంటుందమ్మా ఇది?" అనడిగాడు.

"ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. తర్వాత దానంతటదే కరిగిపోతుంది. మళ్లీ వేయించుకోవాలి."

"కొందరికి పది నెలలకే దిగిపోతుంది."

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "మీకెలా తెలుసండీ?"

"ముక్కుల మీద బతికినవాణ్ణి కదమ్మా."

"నిజమే డాక్టర్! దుకాణానికి వచ్చినవాళ్ల కళ్లకన్నా ముక్కులే ఎక్కువ చూశాడు మా నాన్న," అంది కూతురు. "నాన్నా, పనిలో పని నువ్వూ ఎక్కెయ్యి ఈ కుర్చీ. ఇద్దరికీ కలిపి ఏమైనా తగ్గిస్తారేమో."

ఆయన కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు.

"ఇంకోసారి ఆలోచించుకో తల్లీ. ఉన్నదానికేం తక్కువ? చూడగానే మనిద్దరం ఒకటని తెలిసిపోతుంది."

"అదే కదా నా ఏడుపు! ఏడాదికేడాది నీ ముక్కు ఎంత పెరుగుతోందో అద్దంలో చూసుకున్నావా? నీ వయసొచ్చేసరికి నాదీ అంతే అవుతుంది. ఆ మాట అన్నది ఎవరు? నువ్వు కాదూ?"

అన్నాడు. కాదనడానికి లేదు.

అప్పుడు దానికి పదేళ్లు. బళ్లో పిల్లలు చిలకముక్కని వెక్కిరించారని ఏడుస్తూ వచ్చి, అద్దం ముందు నిలబడి, "ఇది ఎవరి ముక్కు? అమ్మది ఇలా లేదు. నీదీ ఇలా లేదు," అని నిలదీసింది. వంటగదిలో వాళ్లమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆయనే తేరుకుని, "నాదే, ఇంకెవరిది? మా వంశంలో ముక్కులు వయసుతో పాటు లేస్తాయి. చూస్తుండు," అన్నాడు. తర్వాత రెండేళ్లు అది రోజూ స్కేలు పట్టుకుని తండ్రి ముక్కు కొలిచేది. లేచిందని తేల్చుకున్న రోజున ఇల్లంతా గెంతింది. ఆ గెంతులు తలుచుకునే వాళ్లమ్మ చివరి రోజుల్లో కూడా నవ్వుకునేది.

"పోనీ నీ కుర్రతనంలో ఎలా ఉండేదో చూద్దామంటే ఒక్క ఫోటో ఉందా? ఇల్లు మారినప్పుడు ఆల్బమంతా పోగొట్టారు ఇద్దరూ. నీ ఆస్తిలో నాకు ముట్టింది ఈ ముక్కొక్కటే నాన్నా. నాకొద్దు."

నర్సు ఏమనుకుందో ఏమో, ఆయన కుర్చీని మెల్లగా కూతురి పక్కకు జరిపింది. ఆయన బిడ్డ చెయ్యి పట్టుకున్నాడు.

"రెండో సూదిపోటు కాస్త మండుతుంది," అన్నాడు మెల్లగా. "నోటితో గాలి పీల్చు."

మండింది. అమ్మాయి ఆయన చెయ్యి గట్టిగా నొక్కింది. అంతలోనే అయిపోయింది.

డాక్టరమ్మ అద్దం చేతికిచ్చింది. అమ్మాయి అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది. నుదుటి నుంచి కొస దాకా గీత గీసినట్టున్న ముక్కు.

"అబ్బ! ఇప్పుడు నేను నీ కూతుర్నని ఒట్టు పెట్టినా ఎవరూ నమ్మరు నాన్నా!"

సంతోషంలో అన్న మాట. ఆయన తల ఊపాడు. నర్సు అడక్కుండానే గ్లాసుడు మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆయన ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా మొహం ఎత్తలేదు.

"రెండు వారాలు ముక్కు మీద కళ్లజోడు ఆననివ్వకు," అన్నాడు గుమ్మం దగ్గర. "చదవాలంటే నుదుటికి టేపుతో అంటించుకో. వెల్లకిలా పడుకో."

"సరే సరే. నువ్వు జాగ్రత్తగా ఇంటికెళ్లు," అని కూతురు ఆటో ఎక్కి ఆఫీసుకి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఆ మొహాన్ని పోల్చుకోవడానికి ఆయనకి ఒక్క క్షణం పట్టింది.

ఆయన ఇంటికి వెళ్లలేదు. రెండు వీధులు దాటి, ఒక పాత మేడ మెట్లు ఎక్కాడు. ఏటా ఒకసారి సైనసు పేరు చెప్పి ఇంట్లోంచి బయల్దేరేది అక్కడికే. ఇదివరకు భార్య తోడొచ్చేది. ఈ ఆరేళ్లుగా ఒక్కడే.

అక్కడి పెద్ద డాక్టరుగారు కళ్లజోడు సవరించుకుంది. అదీ ఆయన బిగించి ఇచ్చిందే.

"ఏమిటి, రెండు నెలలు ముందే వచ్చారు?"

"ఈ బుడిపె తీసేయండి డాక్టరుగారూ. అమ్మాయి ఇవాళ తన ముక్కు తిన్నగా చేయించుకుంది."

ఆవిడ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. ఎందుకని అడగకపోవడమే ఆయనకి ఆ పూట దక్కిన ఉపకారం. లేచి వెళ్లి బీరువాలోంచి పాత ఫైలు తెచ్చి, మొదటి కాగితానికి గుచ్చిన ఫోటో విడదీసి బల్ల మీద పెట్టింది. ఇంట్లో ఉంచలేక ఆయన ఆవిడ దగ్గర వదిలేసిన ఫోటో అది. అందులో ఆయన, ఆయన భార్య, ఇద్దరి మధ్యా కొత్త గౌనులో బిక్కమొహం వేసుకున్న మూడేళ్ల పాప.

దత్తత తీసుకున్న రోజు తీసిన ఆ ఫోటోలో ఆయన ముక్కు తిన్నగా ఉంది.